సర్వరు లేవనప్పుడు తొందర తగదు

మార్కులు, హాజరు పట్టికలు, ఉపకార వేతనముల వివరములు నేడు అనేక కళాశాలలలో లినక్సు సర్వరులపైననే ఉండుచున్నవి. కరెంటు పోయి వచ్చిన పిదప ఆ సర్వరు లేవక, నల్లని తెరపై నాలుగు ఆంగ్ల వాక్యములు చూపి నిలిచిపోయినచో, మనవారి నోట వచ్చు మొదటి మాట "ఫార్మాటు చేసి మళ్లీ ఎక్కించండి" అని. ఈ అలవాటు మానవలెనని నా మనవి.

సర్వరులో రెండు మూడు డిస్కులను కలిపి ఒకే డిస్కువలె వాడుదురు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు దీనిని ప్రతిపాదించి రెయిడ్ అని పేరిడిరి. ఐదవ స్థాయి రెయిడ్‌లో మూడింట ఒక డిస్కు చెడినను తక్కిన రెండింటి నుండి దాని సమాచారమును లెక్కగట్టి రాబట్టవచ్చును. రెండు చెడినచో ఆశ లేదు.

లినక్సు మేల్కొనునపుడు మొదట ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అను చిన్న తాత్కాలిక వ్యవస్థ లేచి డిస్కులను జతగూర్చును. అందలి జాబితా పాతదైనచో శ్రేణి ఎమ్.డి.0కు బదులు ఎమ్.డి.127 అను పేరుతో లేచును, లేదా అసలు లేవదు. డిస్కులు మాత్రము క్షేమముగనే ఉండును. తీగ వదులైనను ఇంచుమించు ఇదే లక్షణము. తలుపుమీద నంబరు చెరిగినదని ఇల్లు కూల్చుకొందుమా?

ముందుగా ఎమ్.డి.స్టాట్ చూడవలెను. తరువాత ఎమ్.డి.ఆడ్మ్‌తో ఒక్కొక్క డిస్కును పరీక్షింపవలెను. ప్రతిదానిపై శ్రేణి గుర్తు సంఖ్యయు, 'ఈవెంట్స్' లెక్కయు ఉండును. ఒకదాని లెక్క బాగా వెనుకబడినచో అది మునుపే జట్టు వీడినదని అర్థము. దానిని పక్కనబెట్టి తక్కినవానిని 'అసెంబుల్' చేయవలెను. 'క్రియేట్' అను ఆజ్ఞ జోలికి పోరాదు. అది పాత గుర్తులపై కొత్తవి వ్రాయును. డిస్కుల వరుస తప్పినదా, సమాచారము చదువరాకుండ పోవును. శ్రేణి లేచిన పిదప జాబితాను సరిదిద్ది ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచేయవలెను; లేనిచో మరునాడును ఇదే కథ.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి చోట్లకు నిపుణుడు వరంగల్లు నుండియో, హైదరాబాదు నుండియో రావలెను. అంతవరకు కార్యాలయము ఆగదు. చేతికందినవాడు ఏదో ఒక మీట నొక్కును. నష్టము జరుగునది అక్కడనే.

"మూడు డిస్కులు కొన్నాము గదా, నాలుగవది దేనికి?" అని కమిటీవారు అడుగుట సహజము. రెయిడ్ డిస్కు చావును తట్టుకొనును గాని మనిషి చేతిని తట్టుకొనదు. పొరపాటున చెరిపిన ఫైలు అన్నింటిలోను ఒక్కసారే చెరిగిపోవును. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పాలుపంచుకొన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తొలి వెబ్‌సైటు మూతపడినది. అయినను అందలి తెలుగు, ఉర్దూ గ్రంథములనేకము నేడు మనము చదువగలుగుచున్నామన్నచో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మరియొక ప్రతి ఉండుటయే ముఖ్యకారణము.

కావున మార్కుల ప్రతిని ఈ సెలవులలోనే వేరొక డిస్కుపై ఎక్కించి వేరొక గదిలో ఉంచవలెను. డిస్కుల సీరియల్ నంబర్లను ఒక రిజిస్టరులో వ్రాయవలెను. పైన చెప్పిన వరుసను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి సర్వరు గది తలుపునకు అంటించు పని విద్యార్థులదే. రెండు శాఖలనుండి ఇద్దరిద్దరు ముందుకు వచ్చిన చాలును.