గవ్వల దీవులలో అద్దె పేరు

చేతిలో డబ్బు లేదని చెప్పడానికి తెలుగువారు ‘చిల్లిగవ్వ కూడా లేదు’ అంటారు. గవ్వ ఒకప్పుడు చెల్లుబడి అయ్యే నాణెమని ఆ మాట అనేవారిలో ఎందరికి గుర్తుంటుందో చెప్పలేము. అది ఎక్కడి నుంచి వచ్చేదో తెలిసినవారు ఇంకా తక్కువ. వంగదేశంలోనూ, దాని చుట్టుపక్కల సీమలలోనూ చిల్లర నాణెంగా చెల్లిన గవ్వలలో అధిక భాగం మాల్దీవుల తీరాలలో ఏరినవే.

క్రీ.శ. 1153లో ఇస్లాం స్వీకరించిన ఆ దీవులకు 1343లో ఇబ్న్ బతూతా వెళ్ళాడు. అప్పుడు సింహాసనంపై ఉన్నది సుల్తానా ఖదీజా. ఆయన అక్కడ ఖాజీగా పనిచేశాడు. న్యాయపీఠం మీద కూర్చున్నా ఆయన కన్ను బజారు మీదనే ఉండేదని మాకు అనిపిస్తుంది. లెక్కలు అంత శ్రద్ధగా రాసుకున్నాడు. గవ్వలను సముద్రంలో ఏరి, ఒడ్డున గోతులలో పూడ్చి, లోపలి మాంసం కుళ్ళి పోయాక తెల్లని పెంకులను తీసేవారట. వాటిని వంగదేశపు వర్తకులకు ఇచ్చి బియ్యం పుచ్చుకునేవారు. నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారు. ధర పడిపోయినప్పుడు పది, పన్నెండు లక్షలు ఇస్తే గాని దీనారు రాదు. అదే గవ్వ ఆఫ్రికాలోని మాలీ రాజ్యంలో 1,150కి ఒక దీనారు చొప్పున మారడం ఆయన తరువాత స్వయంగా చూశాడు. నడుమనున్న లాభమంతా ఓడలవారిది, ఒంటెలవారిది. నీళ్ళలో దిగి ఏరినవారికి దక్కింది ఆ పూట బియ్యం.

ఆయన రాసిన మరో ఆచారం మా విషయానికి మరింత దగ్గరది. ఓడ కనబడగానే దీవి జనం చిన్న పడవలలో తమలపాకులు, కొబ్బరిబోండాలు పట్టుకొని ఎదురువెళ్ళేవారు. ఓడలో ఎవరికి వాటిని అందిస్తే ఆ వర్తకుడు వారి అతిథి. అతని సరుకు ఆ ఇంటికే చేరేది. అతనిని బంధువు లాగానే చూసుకునేవారు. ఇది మర్యాద మాత్రమే కాదు. భాష తెలియని, గిడ్డంగి లేని పరదేశికి ఒక పూచీదారు కావాలి. దీవివాసికి బయటి సరుకు కావాలి. ఈ రెండు అవసరాలూ ఒక కొబ్బరిబోండం దగ్గర కలిసేవి. సుల్తాను తరఫున మాత్రం ఒక నియమం ఉండేది: ప్రతి ఓడ సరుకులోనూ కొంత భాగాన్ని నిర్ణీత ధరకు ప్రభుత్వానికి అమ్మవలసిందే. ఎవరు అతిథి, ఎవరు ఆతిథేయి, ఏలికకు చెందవలసిందేమిటి అనేది రేవులో నిలబడిన ప్రతివారికీ తెలుసు. దాపరికానికి చోటు లేదు.

ఇప్పటి మాల్దీవులు సుమారు 1,190 దీవుల దేశం. జనం నివసించేవి రెండు వందలకు లోపే. ఉత్తరం నుంచి దక్షిణానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పరచుకున్నా, జనాభా 2022 లెక్కల ప్రకారం ఐదు లక్షల పదిహేను వేలు. చేప, కొబ్బరి తప్ప వంటింటికి కావలసినవి దాదాపు అన్నీ ఓడ దిగవలసిందే. భారతదేశంతో 1981లో కుదిరిన వాణిజ్య ఒప్పందం కింద మన ప్రభుత్వం ఏటా నిత్యావసర సరుకులకు కోటా నిర్ణయిస్తుంది. 2024-25కి అనుమతించిన గుడ్లే 42 కోట్లకు పైన. ఉల్లి 35 వేల టన్నులకు పైన. బియ్యం, గోధుమపిండి, చక్కెర, పప్పుతో పాటు ఇళ్ళు కట్టడానికి ఇసుక, కంకర కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చుట్టూ ఇసుక తీరాలున్న దేశం ఇసుకను కొనుక్కోవడం వింతే. పగడపు తీరాన్ని తవ్వితే దీవే మిగలదు మరి. రాజధాని మాలేలో దిగిన సరుకు అక్కడి నుంచి దోనీలలో దూరపు దీవులకు చేరుతుంది. (దోనీ వారి మాటే గాని మన దోనెకు చుట్టమని వినగానే తెలుస్తుంది.) వర్షకాలంలో సముద్రం పోటెత్తితే దోనీ ఆగుతుంది, దుకాణంలో ఉల్లి అయిపోతుంది.

అటువంటి చోట సరుకు చేతిలో ఉన్నవాడికి గల శక్తి పెద్ద పట్టణపు వర్తకునికి ఉండదు. హైదరాబాదులో ఒక దుకాణదారు ధర పెంచితే పక్క వీధికి వెళతాము. చిన్న దీవిలో పక్క వీధి చివర సముద్రం ఉంటుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) బిడారు సంతకు చేరకముందే ఎదురేగి సరుకు కొనడాన్ని ఎందుకు నిషేధించారో, ఆహారధాన్యాన్ని ధర పెరిగేదాకా దాచేవాడిని పాపిగా ఎందుకు పేర్కొన్నారో ఆ రేవులో నిలబడితే బోధపడుతుంది. ధరలు నిర్ణయించమని కోరినప్పుడు మాత్రం ఆయన నిరాకరించారు. సంత స్వేచ్ఛగా ఉండాలి, సంతకు దారి మూయకూడదు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఇస్లామీ వర్తక నీతి సగమే అర్థమవుతుంది. 1964లో చిన్న సంస్థగా మొదలైన అక్కడి ప్రభుత్వ వర్తక సంస్థ నేటికీ బియ్యం, పిండి, చక్కెరను సబ్సిడీ ధరకు అందించడం వెనుక ఉన్న అవసరం ఇదే.

మా శీర్షికకు వచ్చే ప్రశ్నలలో ఇటీవల పదే పదే కనబడుతున్నది మరొకటి. మన కుటుంబాల యువకులు అక్కడ ఉద్యోగాలలో ఉన్నారు. కొంతకాలానికి ఒక పిలుపు వస్తుంది: “జీతం మీద ఎన్నాళ్ళు? ఇక్కడివాడి పేరు మీద దుకాణం పెడదాం. నెలకింత అని అతనికిచ్చేస్తే చాలు.” పెట్టుబడి మనవారిది, రేయింబవళ్ళ శ్రమ మనవారిది, రిజిస్ట్రేషను మాత్రం ఆ దేశ పౌరునిది. ముస్లిం దేశమే కదా, హలాల్ సరుకే అమ్ముతాము కదా, తప్పేమిటని అడుగుతారు.

సరుకు హలాల్ అయినంత మాత్రాన వ్యాపారం హలాల్ కాదు. చిన్న సొంత దుకాణాన్ని విదేశీయుడు తన పేరుతో నడపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆ అడ్డును దాటడానికే ఈ అద్దె పేరు పుట్టింది. అంటే మొదటి కాగితమే అబద్ధం. పైగా వీసా తీసుకునేటప్పుడు ఏ పని చేస్తామని మాట ఇచ్చి వెళ్ళామో ఆ మాట కూడా తప్పుతున్నది. ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆజ్ఞాపించింది. పరదేశంలో అడుగుపెట్టేటప్పుడు చేసిన సంతకం ఒప్పందమే.

ఫిఖ్హ్ దృష్టితో చూసినా ఇది నిలవదు. హనఫీ పండితులు లాభానికి అర్హతనిచ్చేవి మూడు అని చెప్పారు: ధనం, శ్రమ, జమానతు అనగా నష్టబాధ్యత. పేరు మాత్రమే ఇచ్చినవాడు ధనం పెట్టలేదు, శ్రమ చేయలేదు. చట్టం దృష్టిలో పన్ను, బాకీ అన్నీ అతని మెడకే చుట్టుకుంటాయి గనుక అది జమానతే గదా అని వాదించేవారున్నారు. మేము ఒప్పుకోము. ఇద్దరి మధ్య కుదిరిన మాటలో ఏ నష్టమూ అతనిది కాదు. అధికారులకు చూపిన కాగితంలో అంతా అతనిదే. రెండు నోళ్ళతో మాట్లాడే ఒప్పందంలో బాధ్యత ఎవరిదని తేల్చగలము? మంచి పేరునే మూలధనంగా చేసుకొని ఇద్దరు అప్పుకు సరుకు తెచ్చి అమ్మే ‘షిర్కతుల్ వుజూహ్’ను హనఫీలు అనుమతించారు, నిజమే. అక్కడ ఇద్దరూ బాకీకి బాధ్యులే, ఇద్దరూ లోకానికి భాగస్వాములుగానే కనబడతారు. మాల్దీవులవారు అనుసరించే షాఫయీ మార్గం దానిని కూడా అనుమతించదు.

ఇక లోకరీతిలో చూద్దాము. దుకాణపు అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, దిగుమతి లైసెన్సు, 8 శాతం జీఎస్టీ లెక్క అన్నీ అతని పేరనే. ఒకనాడు అతడు తాళం మార్చితే న్యాయస్థానానికి వెళ్ళి ఏమని చెబుతాము? చట్టవిరుద్ధమైన ఒప్పందం చేసుకున్నామని మనమే ఒప్పుకోవాలి. అతడు ఉత్తముడే కావచ్చు. అతడు మరణిస్తే? వారసత్వ చట్టం ప్రకారం అతని పేరనున్నది అతని వారసులకు చెందుతుంది. వారికి మన నోటిమాటతో నిమిత్తం లేదు. తనిఖీలో పట్టుబడితే దుకాణం మూతపడడమే గాక మనిషిని దేశం నుంచి పంపించివేస్తారు.

ఒకవేళ లాభం వచ్చినా అది రుఫియాలలో వస్తుంది. ఇంటికి పంపాలంటే డాలరు కావాలి. 2011 నుంచి అధికారిక ధర 15.42 రుఫియాలు దాటదు. ఆ ధరకు డాలర్లు సులువుగా దొరకవు, బయట ఎక్కువ ఇచ్చి కొనాలి. దుకాణం లెక్క వేసుకునేటప్పుడు అధికారిక ధరతో గుణించి మురిసిపోయేవారే ఎక్కువ.

ధర్మమైన దారులు లేకపోలేదు. అక్కడి పౌరునితో నిజమైన భాగస్వామ్యం చేసి, విదేశీ పెట్టుబడిగా ప్రభుత్వంలో నమోదు చేయించుకోవచ్చు. ఖర్చు ఎక్కువే, చిన్నవారికి భారమే. లేదా ఇక్కడే ఉండి అక్కడి దిగుమతిదారునికి సరుకు పంపవచ్చు. ఓడ కదలకముందే బ్యాంకు ద్వారా చెల్లింపు హామీ తీసుకుంటే గవ్వలనాటి ఓడవర్తకుని కంటే క్షేమంగా ఉంటాము. అంత శక్తి లేనివారు జీతం మీదనే కొన్నాళ్ళు ఉండి, ఆ సొమ్ముతో సొంత ఊళ్ళో దుకాణం పెట్టుకుంటే చులకన ఏమీ లేదు.

పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తున్నదో కూడా చెప్పాలి. మాకు తెలిసినంతలో చాలాసార్లు అది కోడలి మెహర్ బంగారం. మెహర్ ఆమె సొత్తు. భర్తకు గాని, అత్తమామలకు గాని దానిపై హక్కు లేదు. ‘ఇంటి మనిషే కదా’ అని గాజులు తీసి తాకట్టుకు ఇచ్చే ముందు ఆమెను అడగాలి, వద్దంటే ఆగాలి. ఆమె ఒప్పుకుంటే అది అప్పా, వాటానా, కానుకా అనేది ఆమే చెప్పాలి. అప్పయితే గడువుతో, సాక్షులతో రాయాలి. అప్పు పత్రం గురించిన ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. వాటా అయితే లాభంలో ఆమెకెంత అన్నది ముందే తేల్చి, ఆ కాగితంలో ఆమె పేరు రాసి, ఒక ప్రతి ఆమె చేతికే ఇవ్వాలి.