‘భయపడొద్దు’ అన్నంత మాత్రాన భయం పోదు

2020 ఫిబ్రవరి రెండో వారం నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కరోనా కేసు కూడా నమోదు కాలేదు. నెల్లూరులో తొలి కేసు బయటపడింది మార్చి 12న. ఈలోపే చిత్తూరు జిల్లాలో ఒక ఇంటి పెద్ద తన ఒంట్లో నలతను కరోనాగా నమ్మాడు. కాదని ఇంటివాళ్లు నచ్చజెప్పినా వినలేదు. తనవల్ల వాళ్లకు ముప్పు వస్తుందన్న బెంగతో ప్రాణం తీసుకున్నాడు. వైరస్ గడప తొక్కకముందే దాని భయం ఒక మనిషిని బలి తీసుకుంది. అంటువ్యాధితో పాటు వచ్చే ఆందోళనకూ ప్రజారోగ్య వ్యవస్థ సిద్ధంగా ఉండాలని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఘటన ఉండదు. అయితే ఆ రోజుల్లో ప్రభుత్వాలూ పెద్దలూ మనకిచ్చిన మందు దాదాపు ఒకటే: ‘భయపడొద్దు’. ఆ మాట అన్నవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట పనిచేయలేదు, మరోసారి మహమ్మారి వచ్చినా పనిచేయదు. తెలిసింది ఎంతో తెలియనిది ఎంతో విడమరచి చెప్పే సమాచారం, తన చేతనయ్యే ఒక పని, కష్టమొస్తే ఆదుకునే తోడు... ఈ మూడూ అందితేనే మనిషి బెంగ అదుపులో ఉంటుంది.

అసలు మనల్ని అంతగా కుదిపేసేది ఏమిటో ముందుగా అర్థం చేసుకోవాలి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. 45 మందిని కంప్యూటర్ ఆట ఆడించి, కొన్ని సందర్భాల్లో చేతికి చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. షాక్ తప్పదని తెలిసినప్పటి కన్నా, వస్తుందో రాదో సగం సగం అన్నట్టు ఉన్నప్పుడే వాళ్ల ఒత్తిడి బాగా ఎక్కువగా కనిపించింది. అంటే కీడు జరుగుతుందని తెలిసినా మనసు ఏదోలా సర్దుకుంటుంది, ఏం జరుగుతుందో తెలియకపోతే సర్దుకోలేదు. 2020 మార్చిలో మన పరిస్థితి సరిగ్గా ఇదే. పక్కింటివాళ్ల దగ్గు మామూలు దగ్గేనా, పాల ప్యాకెట్ ముట్టుకోవచ్చా, వచ్చే నెల జీతం వస్తుందా, పిల్లల పరీక్షలు జరుగుతాయా? ఒక్క ప్రశ్నకూ కచ్చితమైన జవాబు లేదు. అలాంటి సమయంలో నిద్ర పట్టకపోవడం, గుండె దడదడలాడడం, గంటకోసారి ఫోన్ చూసుకోవడం పిరికితనం కిందికి రావు. కొత్త ప్రమాదం ఎదురైనప్పుడు ఆరోగ్యంగా ఉన్న మెదడు చేసే పనే అది. దాన్ని తప్పుబట్టినట్టు మాట్లాడితే, మనిషి తన భయాన్ని బయటికి చెప్పుకోవడం మానేస్తాడు. భయం మాత్రం లోపల అలాగే ఉంటుంది.

ధైర్యవచనాలు ఎందుకు పనిచేయలేదో చూద్దాం. 2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ కరోనా గురించి మాట్లాడుతూ పారాసిటమాల్ ప్రస్తావన తెచ్చారు. జ్వరానికి ఆ మాత్ర వాడతారన్నది నిజమే. అప్పటికి ఈ వ్యాధికి వేరే ప్రత్యేక మందు లేదన్నదీ నిజమే. అయినా ఆ మాటలు జనానికి ఊరట ఇవ్వకపోగా నెలల తరబడి ఎగతాళికి గురయ్యాయి. కారణం వాటి వెనకున్న ధోరణి. ఇటలీలో ఆస్పత్రులు నిండిపోవడాన్ని టీవీలో కళ్లారా చూస్తున్న మనిషికి ఇది చిన్న విషయమని చెబితే, చెప్పినవారికి విషయం తెలియదనైనా అనుకుంటాడు, దాస్తున్నారనైనా అనుకుంటాడు. రెండింటిలో ఏది అనుకున్నా, ఆ తర్వాత అదే నోటి నుంచి వచ్చే మంచి సలహాకు కూడా విలువ తగ్గిపోతుంది. మహమ్మారి తొలి రోజుల్లో ప్రభుత్వం దగ్గర టీకా ఉండదు, మందు ఉండదు. ఉండేది జనం నమ్మకమే. దాన్ని ఉత్త ఓదార్పు మాటల కోసం ఖర్చు చేయకూడదు.

అధికారిక సమాచారం వదిలిన ఖాళీని పుకారు నింపుతుంది. చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారు 2020 ఫిబ్రవరిలో కోళ్ల పరిశ్రమను ఎంతగా దెబ్బతీసిందంటే, అదే నెల 28న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా వేదికపై తెలంగాణ మంత్రులు స్వయంగా చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కోడిమాంసానికీ ఈ వ్యాధికీ సంబంధం లేదని నిపుణులు చెబుతూనే ఉన్నా, పుకారు ఎందుకు గెలిచింది? అది మనిషికి రెండు ఇచ్చింది. ఒకటి, కచ్చితమైన కారణం. రెండోది, వెంటనే చేయగలిగిన పని: చికెన్ మానేస్తే చాలు, మనం క్షేమం. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ విషయంలోనూ ఇదే జరిగింది. మార్చి మూడో వారం తర్వాత దాన్ని ఆరోగ్య సిబ్బంది వంటి కొందరికి ముందుజాగ్రత్తగా సూచించగానే, మందుల షాపుల మీద జనం ఎగబడ్డారు. కేంద్రం రోజుల వ్యవధిలోనే అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. కీళ్లవాతానికీ లూపస్‌కూ రోజూ అదే మాత్ర వేసుకునేవాళ్లు దాని కోసం తిరగాల్సి వచ్చింది. జనం మూర్ఖులు కాబట్టి పుకార్లు నమ్ముతారనుకోవడం తేలిక. చేయడానికి ఏదో ఒకటి కావాలని వెతుక్కునే మనిషికి నిజం చెప్పేవాళ్లు పని చూపించకపోతే, అబద్ధం చెప్పేవాళ్లు చూపిస్తారు. ‘భయపడొద్దు’ అన్న మాటలో చేయడానికి ఏమీ లేదు. ‘గాలి ఆడేలా కిటికీలు తెరవండి, జ్వరం వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు నెలకు సరిపడా తెచ్చిపెట్టుకోండి’ అన్న మాటలో ఉంది.

తెలియనిది దాచకుండా చెప్పాలన్న మాటకు పాలనా యంత్రాంగం నుంచి వచ్చే అభ్యంతరం పాతదే. మాకు తెలియదని ఒప్పుకుంటే జనం హడలిపోతారు, ఊళ్లు ఖాళీ చేస్తారు, కొట్లు లూటీ చేస్తారు అంటారు. ఇందుకు సూరత్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వార్త పొక్కగానే కొద్ది రోజుల్లో లక్షల మంది నగరం వదిలి వెళ్లిపోయారు. మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న నగరం అది. కానీ సూరత్‌లో జనాన్ని తరిమింది నిజం చెప్పడం కాదు. మొదట్లో నీళ్లలో విషం కలిసిందన్న పుకారు నడిచింది. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది తామే ఊరు విడిచారు. టెట్రాసైక్లిన్‌తో నయమయ్యే జబ్బు అది. చనిపోయినవారు యాభై మందికి కాస్త అటూ ఇటూ. ఈ విషయాలు నమ్మదగిన గొంతుతో ముందే జనానికి చేరి ఉంటే, రైల్వే స్టేషన్ అంతగా కిక్కిరిసేది కాదు. తెలియనిది ఒప్పుకుంటే నమ్మకం పోతుందా అన్నదాన్ని కేంబ్రిడ్జి పరిశోధకులు నేరుగా పరీక్షించి 2020లో ఫలితాలు వెల్లడించారు. దాదాపు 5,800 మందితో ఐదు ప్రయోగాలు చేశారు. ఒక అంకెను ‘ఇంత నుంచి ఇంత మధ్య ఉండొచ్చు’ అని హద్దులతో చెప్పినప్పుడు నమ్మకం తగ్గింది చాలా స్వల్పం. ‘ఇంకా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండొచ్చు’ అని డొంకతిరుగుడుగా చెప్పినప్పుడే ఎక్కువ తగ్గింది. అంటే జనం అనిశ్చితిని భరించగలరు. నీళ్లు నమలడాన్నే భరించలేరు.

మన దగ్గర అలా కచ్చితంగా చెప్పే అలవాటు ఎంత కొరవడిందో ఆ మార్చి చివరి వారమే చూపించింది. 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్. మర్నాడు హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారంటూ వేలాది మంది విద్యార్థులు, ఉద్యోగులు పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసులు చేతపట్టుకుని బయల్దేరినవాళ్లను అప్పటి కృష్ణా జిల్లాలోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర వైపు ఆపేశారు. ఒక ప్రభుత్వం వెళ్లమంది, మరో ప్రభుత్వం రావద్దంది. నడుమ సరిహద్దులో పడిగాపులు పడ్డవాళ్లకు వైరస్ కన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ పొంతన లేని ఆదేశాలే. అదే సమయంలో కేరళలో ముఖ్యమంత్రి దాదాపు ప్రతి సాయంత్రం విలేకరుల ముందుకొచ్చి ఆ రోజు కేసులు, జిల్లాల వివరాలు, తర్వాత చేయబోయేది చెప్పేవారు. ఆ రాష్ట్ర ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘దిశ’ (1056)లో అప్పటికే మనుషులు పలుకుతున్నారు. అక్కడా కేసులు పెరిగాయి, తప్పులూ జరిగాయి. కానీ రేపు సాయంత్రం మళ్లీ ఎవరో ఒకరు జవాబు చెబుతారన్న భరోసా జనానికి ఉండేది. ఇక్కడ మాత్రం పరీక్షలు చాలడం లేదని, బులెటిన్లలో పూర్తి వివరాలు ఇవ్వడం లేదని తెలంగాణ హైకోర్టు 2020లో పదే పదే ప్రభుత్వాన్ని నిలదీయాల్సి వచ్చింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆందోళన, ఒత్తిడి అన్నవి కడుపు నిండినవాళ్ల మాటలని, రోజు కూలీకి ఉన్నది ఆకలి భయమేనని కొందరంటారు. అందులో నిజముంది. వార్తలు తక్కువ చూడండి, యోగా చేయండి అన్న సలహా పనిపోయిన వలస కూలీకి ఎందుకూ కొరగాదు. కానీ ఈ అభ్యంతరం నా వాదనను ఖండించడం లేదు, దాన్నే ముందుకు తీసుకెళ్తోంది. క్వారంటైన్ మనసుపై చూపే ప్రభావం గురించి పది దేశాల్లో జరిగిన 24 అధ్యయనాలను లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు సమీక్షించి, 2020 ఫిబ్రవరిలో లాన్సెట్‌లో ప్రచురించారు. జనాన్ని కుంగదీసేవాటిలో వ్యాధి భయంతో పాటు చాలని సరుకులు, చాలని సమాచారం, ఆదాయం పోవడం, వెలివేత ముఖ్యమైనవని తేల్చారు. కాబట్టి తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు ప్రకటించిన 12 కిలోల బియ్యం, 500 రూపాయలు సంక్షేమ పథకం మాత్రమే కాదు, మానసిక వైద్యం కూడా. దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది 2020 మే 1న. అప్పటికి లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు దాటింది. ‘ఫలానా తేదీన మీ ఊరికి రైలుంది, అందాకా తిండి మేం పెడతాం’ అని మొదటి వారంలోనే చెప్పగలిగి ఉంటే ఎందరో రోడ్డు వెంట నడిచి ఉండేవారు కాదు.

భయం లేకపోతే జనం మాస్కు పెట్టుకోరు, కాబట్టి కొంత భయపెట్టడమే మంచిదని వాదించేవాళ్లూ ఉన్నారు. జాగ్రత్తకు కొంత భయం అవసరమే. కానీ పని చూపించని భయం ఎక్కువ కాలం జాగ్రత్తగా నిలవదు, మనుషుల మీదికి తిరుగుతుంది. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన నెల్లూరు డాక్టర్ అంత్యక్రియలను అక్కడి స్థానికులు అడ్డుకున్నారు. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో రోగి బంధువులు వైద్యులపై దాడి చేశారు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన మత సమావేశం తర్వాత ఒక మతంవాళ్లనందరినీ అనుమానంగా చూశారు. వెలివేస్తారని భయపడ్డవాడు లక్షణాలు దాచుకుంటాడు, పరీక్షకు రాడు. అంటే భయపెట్టడం చివరికి వ్యాధికే ఉపయోగపడుతుంది.

ఇక ఎవరికి వారు చేసుకోగలిగింది కూడా ఉంది. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత జరిగిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆ వార్తలను రోజుకు ఆరు గంటలు, అంతకు మించి చూసినవాళ్లలో, సంఘటనా స్థలంలో ఉన్నవాళ్ల కన్నా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. కాబట్టి వార్తలకు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి సమయం కేటాయించుకోవడం వాస్తవం నుంచి పారిపోవడం కాదు. అవే బొమ్మలు ఇరవైసార్లు చూస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మన చేతిలో ఉన్నవీ లేనివీ వేరు చేసుకోవాలి. టీకా ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. వేళకు నిద్ర, వేళకు తిండి, ఇంట్లోవాళ్ల మందులు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు రోజూ ఒక ఫోన్ మన చేతిలో ఉన్నాయి. పిల్లల దగ్గర భయం దాచిపెట్టనక్కర్లేదు, వాళ్ల వయసుకు తగ్గట్టు చెబితే చాలు. ఇవన్నీ చేసినా కొందరికి బెంగ తగ్గదు. మద్యం, కల్లు దుకాణాలు హఠాత్తుగా మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరస కట్టిన బాధితులను గుర్తు చేసుకుంటే, కొన్ని బాధలకు నిబ్బరం చాలదని, డాక్టర్ కావాలని అర్థమవుతుంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా అది వైద్యం అవసరమైన పరిస్థితి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మరో మహమ్మారి రాదని మాత్రం ఎవరూ అనలేదు. అది వచ్చేలోపు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. రోజూ ఒకే వేళకు, ఒకే బాధ్యుడి నోట, మాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, మీరు చేయాల్సింది ఇది అని చెప్పే పద్ధతిని ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. సరిహద్దుల్లో ఒకే ఆదేశం అమలయ్యేలా ఇరుగుపొరుగు రాష్ట్రాలు ముందే ఒప్పందానికి రావాలి. గడప గడపకూ తిరిగే ఆశా కార్యకర్తకు జ్వరం అడగడంతో పాటు, దిగులుగా ఉన్న మనిషిని గుర్తుపట్టి పలకరించడం కూడా నేర్పాలి. పాఠకులుగా మనం కూడా ఒకటి చేయాలి. భయపడుతున్న మనిషిని ‘భయపడకు’ అని తోసిపుచ్చకుండా, దేనికి భయపడుతున్నావని అడిగి, చెప్పేదాకా వినాలి.