ఫోర్సైత్ లెక్కల్లో కనపడనివాళ్లు

అట్లాంటాకు ఉత్తరాన ఇల్లు కొనాలనుకునే తెలుగు కుటుంబాల మాటల్లో ఫోర్సైత్ కౌంటీ పేరు తప్పకుండా వస్తుంది. 1990లో అక్కడ 44 వేల మంది ఉండేవారు. 2000 నాటికి 98 వేలయ్యారు. 2010లో లక్షా 75 వేలు, 2020లో రెండు లక్షల 51 వేలు. 2000లో ఆసియా సంతతివారు ఒక శాతం కూడా లేరు. 2020 జనగణనలో 18 శాతం దాకా తేలారు. వారిలో ఎక్కువమంది భారతీయులే.

ఇంతమంది అక్కడికి చేరడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. జార్జియా 400 రహదారి ఎక్కితే పక్కనే ఆల్ఫరెటా ఐటీ ఆఫీసులు. పిల్లలకు మంచి ప్రభుత్వ బడులు. వచ్చిపడే పిల్లలకు చోటివ్వడానికి కౌంటీ 2009లో లాంబర్ట్, 2018లో డెన్మార్క్, 2021లో ఈస్ట్ ఫోర్సైత్ హైస్కూళ్లు తెరిచింది. కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి లక్షా 30 వేల డాలర్లకు పైమాటే. జార్జియాలో ముందు వరసలో నిలిచే కౌంటీ ఇది. ప్రతి ఐదిళ్లలో నాలుగింట సొంతదారులే ఉంటున్నారు.

ఈ అంకెలు నిజమైనవే. కానీ అవి సంపాదించేవాళ్ల గురించి, కారు నడిపేవాళ్ల గురించి మాత్రమే చెబుతాయి. మిగతావాళ్లకు ఆ కౌంటీలో బతుకు ఎలా ఉందో చెప్పవు. ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగు చూసే తెలుగువాళ్లు, కొన్నాక ఈ మిగతావాళ్ల గురించి కౌంటీని గట్టిగా అడగాలి.

మొదట తమ ఇంట్లోవాళ్ల సంగతే చూడొచ్చు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో కొడుకు దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు ఆ ఇల్లు విశాలంగానే ఉంటుంది. కాలు బయటపెట్టాలంటే మాత్రం కారు కావాలి. కూరగాయల కొట్టు, గుడి, లైబ్రరీ ఏవీ చాలామందికి నడిచి వెళ్లే దూరంలో ఉండవు. సబ్‌డివిజన్ గేటు దాటగానే చాలాచోట్ల నడకదారి ఆగిపోతుంది. అట్లాంటా మెట్రో అయిన మార్టా రైలు, పక్కన ఉన్న ఫుల్టన్ కౌంటీలోని నార్త్ స్ప్రింగ్స్‌తోనే సరి. కౌంటీ నడిపే డయల్-ఎ-రైడ్ బండి ఉంది గానీ ముందుగా బుక్ చేసుకోవాలి. ఊళ్లో పొద్దున్నే టీకొట్టు దాకా నడిచి నలుగురితో మాట్లాడి వచ్చే పెద్దాయన, ఇక్కడ సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చుంటాడు.

భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చిన ఇల్లాలి పరిస్థితీ అంతే. 2015 నుంచి కొందరికి పని అనుమతి దొరుకుతోంది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే అది వర్తిస్తుంది. అప్పటిదాకా ఆమె చదివిన ఇంజినీరింగ్ ఏ ఆదాయ లెక్కలోకీ రాదు.

ఇక బడి బస్సు నడిపేవాళ్లు, రెస్టారెంట్లలో వండేవాళ్లు, వృద్ధులకు సేవ చేసేవాళ్లు ఉన్నారు. కౌంటీ సాగేది వీళ్ల చేతుల మీదుగానే. పెద్ద స్థలాల్లో విడి ఇళ్లు నిండిన కౌంటీలో వీళ్ల జీతానికి తగిన ఇల్లు దొరకడం కష్టం. చిన్న ఇళ్లకో అపార్ట్‌మెంట్లకో ప్రతిపాదన వస్తే, ట్రాఫిక్ పెరుగుతుందనీ బడులు కిక్కిరిసిపోతాయనీ చుట్టుపక్కలవాళ్లు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరాల్లో కొంత నిజం ఉంది. అయినా తమ పిల్లలను బడికి చేర్చే మనిషి తమ కౌంటీలో ఉండలేకపోవడం న్యాయం కాదు.

ఎవరు ఉండగలరు, ఎవరు ఉండలేరు అన్న ఈ మాటకు ఫోర్సైత్‌లో మరింత బరువుంది. 1912లో అక్కడ వెయ్యిమందికి పైగా నల్లజాతి ప్రజలను బెదిరించి, ఇళ్లు తగలబెట్టి తరిమేశారు. కౌంటీ కేంద్రమైన కమ్మింగ్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుడిని అల్లరిమూక చంపింది. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో జాతివివక్షకు వ్యతిరేకంగా నడిచిన కొద్దిమందిపై రాళ్లు, సీసాలు పడ్డాయి. వారం తిరిగేసరికి దాదాపు ఇరవై వేలమంది అదే కౌంటీలో నడిచారు. అయినా 1990 జనగణనలో నల్లజాతివారు అక్కడ పట్టుమని ఇరవైమంది లేరు. ఇవాళ వేరే రంగు, వేరే భాష ఉన్నవాళ్లు ఆ నేల మీద ధైర్యంగా ఇల్లు కట్టుకోగలుగుతున్నారంటే, అందులో ఆనాడు రాళ్ల మధ్య నడిచినవాళ్ల వాటా ఉంది. ఎడ్వర్డ్స్ స్మారక ఫలకం 2021లో కమ్మింగ్‌లో వెలిసింది. తెలుగు పిల్లలకు ఆ చరిత్ర ఇంట్లోనే చెప్పాలి.

మరి కౌంటీని ఎవరు అడగాలి? జనగణన వీసా మీద ఉన్నవారినీ లెక్కిస్తుంది. ఓటు మాత్రం పౌరులకే. అందుకే పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు అధ్యక్ష ఎన్నికలప్పుడే కాక కౌంటీ కమిషన్‌కూ స్కూల్ బోర్డుకూ ఓటెయ్యాలి. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కూడా జోనింగ్ (భూవినియోగ) విచారణలకు వెళ్లి మాట్లాడవచ్చు. కొత్త సబ్‌డివిజన్‌కు అనుమతి ఇచ్చేముందు అక్కడి నుంచి లైబ్రరీ దాకా నడకదారి వేయించాలనీ, డయల్-ఎ-రైడ్ బళ్లు పెంచాలనీ, బడి సిబ్బందికి అందే ధరలో కొన్ని ఇళ్లు ఉండాలనీ అందరూ కలిసి పట్టుబట్టాలి.