తెర వెనక కూడా కెమెరానే

‘కెమెరా లేనప్పుడు కూడా ఇట్లే ఉంటాడన్నా మా బాలయ్య’ అంటూ ఒక వీడియో చూపిస్తారు. కెమెరా లేనప్పటి వీడియో! మరి దాన్ని ఎవరు తీశారప్పా అని అడిగితే మనం కుళ్లుబోతులం.

మాది హిందూపురం కాబట్టి నాకీ వీడియోలు అందరికంటే రెండింతలు వస్తాయి. ‘అన్‌స్టాపబుల్ విత్ ఎన్‌బీకే’ 2021 నవంబర్ 4న, దీపావళి నాడు, ఆహాలో మొదలైంది. కబుర్లు, చిన్న చిన్న ఆటలు, వేళాకోళం, మధ్యలో ఒక ఫోన్ కాల్, చివర్లో కాసిన్ని కన్నీళ్లు. షో బాగానే ఉంటుంది, నేనూ చూశాను, కొన్నిచోట్ల పడీ పడీ నవ్వాను కూడా. షో అయిపోయాక మొదలయ్యే ఇంకో షోతోనే నా పేచీ. మేకింగ్ వీడియో, సెట్లో గ్యాప్‌లో తీసిన ముక్క, మేకప్ కుర్చీ దగ్గర జోకు, మాట తడబడి తనలో తానే నవ్వుకోవడం, లైట్లు మోసే కుర్రాడి భుజం తట్టడం. ఇది ఒక్క బాలయ్య షోకే పరిమితమైన సరుకేం కాదు. ‘క్యాష్’ అయినా, ‘జబర్దస్త్’ అయినా, ‘శ్రీదేవి డ్రామా కంపెనీ’ అయినా అదే వరస. దాని కింద అభిమానుల మాటలూ అవే: పసిపిల్లాడి మనసు, బంగారం, అసలు మనిషంటే ఇదీ.

‘అసలు మనిషి’ అనే ఆ మాట దగ్గరే నేను ఆగిపోతాను.

తెలుగు టీవీ ప్రేక్షకుడు అమాయకుడని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రోమోలో ఎవరో మైకు విసిరేసి వెళ్లిపోతారు, ఇంకెవరో వెక్కి వెక్కి ఏడుస్తారు, యాంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పదేళ్లకు పైగా ఇది చూసి చూసి మా ఇంట్లో ముసలివాళ్లు కూడా ‘ఏందిలేరా, ప్రోమో కోసం’ అనేసి చానెల్ మార్చేస్తారు. ఏడుపుని నమ్మరు, గొడవని నమ్మరు, పెళ్లిచూపుల స్కిట్టుని అసలే నమ్మరు. అంత రాటుదేలిన మనిషి ముందు ఒక ముప్పై సెకన్ల ముక్క పెట్టి, మూలన ‘బిహైండ్ ద సీన్స్’ అని రాసి, ఫ్రేము కొంచెం వణికేలా చూసుకుంటే చాలు. కరిగిపోతాడు. ప్రోమో కట్ చేసిన ఎడిటరే ఈ ముక్కనీ కట్ చేసి ఉండొచ్చన్న అనుమానం అతనికి రాదు. వచ్చినా ఒప్పుకోడు.

2022 డిసెంబర్ గుర్తుందా? ప్రభాస్ ఎపిసోడ్. స్ట్రీమింగ్ మొదలైన రాత్రి తాకిడికి యాప్ కాసేపు చేతులెత్తేసింది. అంతకుముందే షూటింగ్ నాటి ఫోటోలూ, దొంగచాటు క్లిప్పులూ ఊరంతా తిరిగేశాయి. నిర్మాణ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, అనుమతి లేని ప్రసారాలను అడ్డుకోవడానికి ఉత్తర్వులు తెచ్చుకుంది. వాళ్ల సొమ్ము, వాళ్ల హక్కు, దాంట్లో తప్పేం లేదు. నేను చూపించదలచుకున్నది వేరే. అదే సెట్టు, అదే సోఫా, అదే మనుషులు. సంస్థకు తెలియకుండా బయటికొస్తే దొంగసరుకు. సంస్థే ఏరి, కట్ చేసి, వెనకాల మెత్తటి సంగీతం పెట్టి వదిలితే ‘అసలు మనిషి’. నిజంగా తెర వెనక ఏముందో చూడాలన్న ఆకలే మనదైతే, ఆ రెండోదాన్ని చూసి కడుపు నిండినట్టు త్రేన్చడం ఎందుకు?

ఇంకో సంగతి. బాలకృష్ణ అభిమానుల మీద చెయ్యి చేసుకున్న వీడియోలు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. దాచేదేముంది, ఊరూవాడా చూసినవే. అవి కూడా తెర వెనక దృశ్యాలే కదా? స్క్రిప్టు లేదు, మేకప్ లేదు, రీటేక్ లేదు. ‘అసలు మనిషి’ సిద్ధాంతం ప్రకారం వాటికే ఎక్కువ విలువ ఉండాలి. కానీ మావాళ్ల దగ్గర దానికి వేరే లెక్క ఉంది: ఆయన చెయ్యి తగలడం అదృష్టం, చనువుంటేనే కదా కొడతాడు, ఆ పొద్దు జనం మీద పడితే ఏం చేస్తాడు పాపం. కొట్టిన వీడియోకి సందర్భం కావాలి, నవ్విన వీడియోకి సందర్భం అక్కర్లేదు! ఈ తర్కాన్ని పట్టుకుని ఏ కోర్టులోనైనా బెయిలు తెచ్చుకోవచ్చు. మొదటి వీడియో ఆయన మొత్తం స్వభావానికి సాక్ష్యం కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే రెండోదీ కాదు. బసవతారకం కాన్సర్ ఆసుపత్రి చైర్మన్‌గా ఆయన చేసే పని ఉంది. దాన్ని మెచ్చుకోవాలనుకుంటే ఆ పని గురించి మాట్లాడుకోవచ్చు. మేకప్ కుర్చీ దగ్గర నవ్విన ముక్క మధ్యలో ఎందుకు?

ఎవరో ఒక నటుడి మీద ముచ్చట పడితే నీకేం నొప్పి అంటారా? నొప్పి ఉంది. ఆయన మా ఎమ్మెల్యే. 2014, 2019, 2024, వరుసగా మూడుసార్లు. ఆయన కంటే ముందు వాళ్ల నాన్న, అన్న కూడా ఇక్కడినుంచే గెలిచారు. 1983 నుంచీ హిందూపురంలో ఇంకో పార్టీ గెలిచింది లేదు.

అందుకే రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ నాకు గొంతులో ముల్లులా ఉండిపోయింది. 2022 అక్టోబర్. అతిథి చంద్రబాబు నాయుడు. మాటల్లో 1995 ఆగస్టు వచ్చింది. అడిగేది కొడుకు, చెప్పేది అల్లుడు, ఇద్దరూ ఆనాటి కథలో ఉన్నవాళ్లే. జరిగినదాని గురించి ప్రశ్న అడిగే హక్కున్న మూడో మనిషి ఆ సోఫా మీద లేడు. ముందు కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. బయట అభిమానులేమో ‘ఎంత ఓపెన్‌గా మాట్లాడుకున్నారో’ అని పొంగిపోయారు. ఆ ఆగస్టులో ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్న మనిషి ఎవరనుకున్నారు? హిందూపురం ఎమ్మెల్యే. మేం ఓటేసి పంపిన మనిషి. ఐదు నెలలు తిరక్కుండా, 1996 జనవరి 18న పోయాడు. అది మా ఊరి చరిత్ర కూడా. దాన్ని ఒక సోఫా మీద, నవ్వులకీ ఆటలకీ మధ్య, బావాబామ్మర్దుల ముచ్చటగా తేల్చేస్తే దానికి ‘మనసు విప్పడం’ అని పేరు. పెద్ద రాజకీయ ప్రశ్నను ‘లోపలి కబురు’గా మార్చేస్తే ఇక జవాబు అడగాలన్న ధ్యాసే ఉండదు. లోపలికి రానిచ్చారన్న ముచ్చటలోనే పడిపోతాం. భోజనానికి పిలిచినవాళ్లని లెక్కలు అడుగుతామా?

అదే ఏడాది ఫిబ్రవరి 4. కొత్త జిల్లాకు హిందూపురాన్నే కేంద్రం చేయాలని బాలకృష్ణ ఊళ్లో ర్యాలీ తీసి, అంబేడ్కర్ విగ్రహం దగ్గర మౌనదీక్షకు కూర్చున్నాడు. ఆ రోజే ఆహాలో మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది, మహేశ్‌బాబు అతిథి. ఊళ్లో మౌనం, యాప్‌లో అన్‌స్టాపబుల్. ఆ సాయంత్రం మా వీధి టీ బంకు దగ్గర నా చెవిన పడిన మాటల్లో జిల్లా కేంద్రం కంటే మహేశ్‌బాబే ఎక్కువున్నాడు. రెండు నెలలకు, 2022 ఏప్రిల్ 4న, శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కేంద్రం పుట్టపర్తి. దీక్ష వల్ల కాలేదని ఆయన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నాడు, చేయగలిగింది చేశాడు. కానీ ఆ రోజు దృశ్యాల్లో దేన్ని దాచుకున్నాం, దేన్ని వదిలేశాం అన్నది మన లెక్క.

పెనుకొండ దగ్గర కార్ల కంపెనీలో పనిచేసే ఒక తమ్ముడున్నాడు నాకు, వరసకు. బెంగళూరు నుంచి ధర్మవరం పోయే రైల్లో హిందూపురం దాటాక ఈ గొడవ మేమిద్దరం చాలాసార్లు పడ్డాం. వాడి మాట తీసిపారేసేది కాదు. ‘అన్నా, పన్నెండు గంటలు నిలబడి వచ్చి, రూములో పడుకోని అరగంట చూస్తా. ఒక పెద్దమనిషి తప్పులు పోయి, నవ్వుకుంటా ఉంటే నాకు తేలిగ్గా ఉంటాది. దాంట్లో నీకు రాజకీయం ఎందుకు కనపడతాది?’ నాకు నోట మాట రాలేదు. తేలిక పడటం నేరం కాదు. అయితే రైలు పెనుకొండ చేరేలోపు వాడే ఇంకో మాట అన్నాడు: ‘అట్లా నవ్వేటోడు చెడ్డోడు ఎట్లయితాడు?’ ఇదిగో, ఇక్కడ నేను దిగను. అలసిన మనిషికి దొరికిన నవ్వు వేరు, ఆ నవ్వుని పట్టుకుని ఒకరి నడవడికకు పూచీ పడటం వేరు. వాడు అమ్మే కారుకి కూడా ఇంజను విప్పి చూపించే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ఓటేసినవాడికి మాత్రం బానెట్ మీద పెట్టిన పూలదండ చూపిస్తారు.

రైలు ఇంకొంచెం ముందుకెళితే ధర్మవరం. అక్కడ కథ ఇంకా చిత్రం. కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ అని పొద్దున్నే వీధుల్లో తిరిగేవాడు. గడపగడపకీ పోయి పింఛను వచ్చిందా, కాలువ తీశారా అని అడగడం, అక్కడికక్కడే అధికారిని నిలదీయడం. పక్కన కెమెరా. ఆ వీడియోలు రెండు రాష్ట్రాల్లోనూ, అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఆడాయి. ఇట్లాంటి ఎమ్మెల్యే మాకు ఉంటేనా అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని నేనెరుగుదును. 2024లో ఆయన బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ చేతిలో నాలుగు వేలలోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఇక చూడండి, ధర్మవరం ఎక్కడుందో మ్యాపులో చూపించలేనివాళ్లు ధర్మవరం జనాన్ని కృతఘ్నులని తిట్టడం! కూటమి గాలి ఒక కారణం, ఇంకా పది ఉంటాయి. ఓటేసినవాళ్లు వీడియో అయిపోయాక కూడా ఆ వీధిలోనే ఉన్నారు. మిగతా రోజు ఎట్లా గడిచిందో వాళ్లకు తెలుసు, మంచైనా చెడైనా. అమెరికాలో ఉన్నాయన చూసింది అరగంట. ఆ అరగంటతో ఊరి మీద తీర్పు చెప్పేశాడు. షో అభిమాని రోగం ఓటరు మీదికి పాకడమంటే ఇదే.

అదే ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి పేరైనా వినుంటారు. మేకతోలుని పల్చగా, వెలుతురు పారేలా చేసి, రంగులద్ది, తెల్లగుడ్డ వెనక దీపం పెట్టి ఆడించే ఆట. రాముడు, రావణుడు ఉంటారు. జనం ఎదురుచూసేది మాత్రం కేతిగాడి కోసం, బంగారక్క కోసం, జుట్టుపోలిగాడి కోసం. బూతులూ, ఎకసెక్కాలూ, ఊరి పెద్దమనుషుల మీద విసుర్లూ అన్నీ వాళ్లవే. మన కామెడీ షోలకు ముత్తాతలు వాళ్లు.

ఆ ఆటలో కూడా పిల్లలు తెర వెనక్కి దూరేవాళ్లు. ఏం కనపడుతుంది అక్కడ? మనుషులు. చెమట. ఒకే గొంతు సీతకూ బంగారక్కకూ మాట్లాడటం. యుద్ధం వచ్చేసరికి కాళ్ల కింద చెక్కల్ని దబదబా తొక్కడం. రాత్రంతా చేతులు పైకెత్తే ఉంచాల్సిన ఆడవాళ్లు, మగవాళ్లు. తెర ఇవతల మెరుపులా తిరిగిన కేతిగాడు అక్కడ చేతెడు తోలుముక్క. అది చూసిన పిల్లాడు ‘కేతిగాడి మనసు వెన్న’ అనుకుంటూ ఇంటికి పోడు. ఇంత చిన్న ముక్కతో అంత నవ్వు ఎట్లా పుట్టించారని నోరు తెరుచుకుని పోతాడు. ఆ ఊళ్లో చాలామంది ఇప్పుడు ఆట మానుకుని దీపాల షేడ్లు, గోడ బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. ఆ బొమ్మ మన ఫ్లాట్లలో వేలాడుతుంది, దాన్ని నవ్వించిన గొంతు గురించి మనకి అక్కర్లేదు.

మన కామెడీ షోల మేకింగ్ వీడియోల్లో లేనిది సరిగ్గా ఆ పనే. ఆ ప్రశ్నలు రాసిన మనిషి ఎక్కడ? జోకు పేలకపోతే ఎన్నిసార్లు తీశారు? గ్యాలరీలో కూర్చున్న జనానికి చప్పట్లు ఎప్పుడు కొట్టమని చెప్పారు, ఎన్ని గంటలు కూర్చోబెట్టారు, భోజనం పెట్టారా? అతిథి ‘ఇది వద్దు’ అన్న ప్రశ్న ఏది? స్కిట్టులో చీర కట్టిన కుర్రాడు ఒక రోజుకి ఎంత తీసుకుంటాడు? ఇవన్నీ తెర వెనకవే. ఒక్కటీ బయటికి రాదు, ఎందుకంటే అవి చూస్తే మనకి షో గురించి ఏదో తెలుస్తుంది. హోస్టు నవ్వితే మాత్రం అభిమానం ఒక్కటే పెరుగుతుంది.

విమర్శకులు కూడా ఈ బుట్టలో పడుతున్నారు, అదీ నా కోపం. ఒక షో గురించి రాయమంటే హోస్టు ‘నిజ జీవితంలో’ ఎంత సరదా మనిషో రాస్తున్నారు. స్కిట్టులో ఆడవేషం మీద, రంగు మీద, లావు మీద వేసిన జోకు గురించి అడిగితే ‘బయట వాళ్లందరూ ఒకే కుటుంబంలా ఉంటారు తెలుసా’ అని ఒక క్లిప్పు పంపుతారు. ఉండనీ. నేనడిగింది జోకు గురించి కదా? ఆ జోకు ఎవరిని చూసి నవ్వమంటోంది, ఎందుకు నవ్వమంటోంది అన్నదానికి జవాబు షోలోనే వెతకాలి.

మా తమ్ముడు మొన్న ఇంకో ముక్క పంపాడు. సీజన్ ఏదో గుర్తులేదు, సోఫా మాత్రం అదే. నేను దాన్ని శబ్దం ఆపేసి చూశాను. వెనకాల, ఫ్రేము చివర, నల్ల టీషర్టు వేసుకున్న మనిషి ఒకాయన కేబుల్ చుట్ట చేతికి చుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారు, ఆయన నవ్వడం లేదు. ‘ఈయనెవరు?’ అని అడిగాను. వాడు రెండుసార్లు చూసి, ‘యాడ?’ అన్నాడు.