శల్య సారథ్యం

మొన్న ఉదయం నాకొక పరాభవం జరిగింది. కరెంటు బిల్లు చెల్లిద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఫోనుకు ఆరంకెల సంఖ్య వచ్చింది. లోకం దానిని ఓటీపీ అంటుంది. తెరమీద ఒక గడియారం నా ఆయుర్దాయాన్ని లెక్కగడుతున్నట్టు వెనక్కు నడవసాగింది. సంఖ్య చూసి, కళ్ళజోడు సవరించుకొని తెరవైపు తిరిగేసరికి మొదటి మూడంకెలే మిగిలాయి. మళ్ళీ చూశాను. ఈసారి చివరి మూడే మిగిలాయి. గడువు తీరిపోయింది. మూడోసారి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఒక్కసారి చూసి, ఆరంకెలూ గడగడా చెప్పి, పోపు మాడిపోతోందంటూ వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ, "గజేంద్రమోక్షం మొత్తం అప్పజెబుతారు, ఆరంకెలు నిలవలేదా?" అని ఒక బాణం విసిరింది.

ఇది వార్ధక్య ప్రభావమని సరిపెట్టుకుందామంటే ఆవిడ నాకంటే రెండేళ్ళే చిన్న. తేడా వయస్సులో లేదు. ఆవిడ గడియారాన్ని చూడలేదు, నేను గడియారాన్నే చూశాను.

మరొక ఉదాహరణ. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో బందరు బస్సు ఎక్కుతాను. బెంజి సర్కిలు దాటుతుండగా, తలుపుకు తాళం వేశానా లేదా అన్న ధర్మసందేహం పుడుతుంది. కంకిపాడు వచ్చేసరికి ఆ సందేహం విశ్వరూపం దాలుస్తుంది. తిరిగివచ్చి చూస్తే తాళం వేసే ఉంటుంది. చెయ్యి తాళం వేస్తున్నప్పుడు మనస్సు బస్సు వెనుక పరుగెత్తుతోంది. పెట్టెలో దాచని సొమ్ము పెట్టెలో దొరకదు కదా!

అయితే దాచిన సొమ్ము కూడా దొరకని సందర్భాలున్నాయి. వాటికి మూలపురుషుడు కర్ణుడు. అవసాన సమయంలో అస్త్రం స్ఫురించకుండు గాక అని పరశురాముడు శపించాడు. నేనా ఘట్టాన్ని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను, శాపమహిమ అనే చెప్పాను. ఇప్పుడు మరొకటి తోస్తోంది. రథచక్రం నేలలో క్రుంగింది. ఎదుట గాండీవం. రథంమీద సారథి శల్యుడు, పగ్గాలు పట్టినప్పటినుంచీ "నీవెక్కడ, అర్జునుడెక్కడ" అని దెప్పుతూనే ఉన్నాడు. అటువంటి స్థితిలో శాపం లేకున్నా ఎవరికి మాత్రం ఏం గుర్తుకొస్తుంది?

ఆధునిక శాస్త్రం కూడా ఇంచుమించు ఈ మాటే చెబుతోంది. భయపడినప్పుడు మన అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే రసాయనాన్ని స్రవిస్తాయి. 2000లో జ్యూరిక్ శాస్త్రజ్ఞులు కొందరికి పదాల పట్టిక నేర్పి, మరునాడు అప్పజెప్పమన్నారు. కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్రను నేర్చుకోవడానికి ముందు మింగినవారికి ఇబ్బంది రాలేదు, నేర్చుకున్న వెంటనే మింగినవారికీ రాలేదు. అప్పజెప్పడానికి గంట ముందు మింగినవారే తడబడ్డారు. అంటే చదువు చెక్కుచెదరలేదు, పెట్టె తాళమే బిగుసుకుపోయింది.

భయం వల్ల మేలే లేదా? ఉంది, కొంతవరకు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలకు విద్యుద్ఘాతాలిచ్చి పాఠాలు నేర్పారు. సులువైన పాఠానికి గట్టి దెబ్బ పనికొచ్చింది. పాఠం కష్టమైనప్పుడు మాత్రం దెబ్బ ఒక హద్దు దాటేసరికి నేర్పు మందగించింది. పాపం, మన బడులలో ఈ పరిశోధన రెండో సగాన్ని ఎవరూ చదివినట్టు లేదు. నేనూ చదవలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలువ గట్టున ఉన్న ఒక పల్లెబడిలో పనిచేశాను. ఒకనాడు తనిఖీకి అధికారి వచ్చారు. ఏడో తరగతిలో చక్కని కంఠమున్న కుర్రవాణ్ణి లేపి పద్యం చదవమన్నాను. అధికారి వెనుక నిలబడి, నా పరువంతా వాడి నాలుకమీదే ఉందన్నట్టు గుడ్లురిమి చూశాను. వాడు మొదటి మాట పలికి ఆగిపోయాడు. అధికారి వెళ్ళగానే రెండు బెత్తం దెబ్బలు వేశాను. ఆ సాయంత్రం గట్టుమీద నడుస్తున్నాను. వాడు గేదెమీద కూర్చుని అదే పద్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాగం తీసి పాడుతున్నాడు. ఆ గేదె వాణ్ణి ఏమీ అడగలేదు మరి. నేను పలకరించకుండా వెనుదిరిగాను. వాడికి క్షమాపణ చెప్పే ధైర్యం నాకు ఈనాటికీ కలగలేదు. ఆనాడు పరశురాముడూ శల్యుడూ ఇద్దరూ నేనే.

ఇదంతా తెలియని జాతి కాదు మనది. జ్ఞాపకాన్నీ కంగారునూ ఒకే వేదికమీద కూర్చోబెట్టి ఆడించే కళ అవధానం. తిరుపతి వేంకట కవులు దానితో తెలుగునాడంతా తిరిగారు. వారిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు మన బందరు హిందూ హైస్కూలులోనే తెలుగు పండితులుగా ఉండేవారు. అష్టావధానంలో ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు గంట కొడతారు. అప్రస్తుత ప్రసంగికి అవధానిని చెదరగొట్టడమే పని. అయినా ఒక్కొక్క పాదంగా చెప్పిన పద్యాలన్నీ చివరకు ధారణలో పూర్తిగా రావాలి.

అవి ఎలా వస్తాయి? అభ్యాసం, ధారణాశక్తి సరే. నేను చూసిన సభలన్నిటిలో మరొకటి కూడా ఉంది. అప్రస్తుత ప్రసంగి కొంటె ప్రశ్న వేస్తాడు, అవధాని చమత్కారంగా బదులిస్తాడు, సభ ఘొల్లున నవ్వుతుంది. ఆ నవ్వుతో అవధాని గుండె తేలికపడుతుంది. పృచ్ఛకులు ఎంత చిక్కు ప్రశ్న వేసినా ఆయన ఓడిపోవాలని కోరుకోరు, గెలిస్తే చప్పట్లు కొడతారు. మనం బిడ్డల చుట్టూ ప్రశ్నలైతే పేర్చాం గాని, ఆ నవ్వునూ ఆ చప్పట్లనూ ఎక్కడ ఉంచాం?

బెజవాడ చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ కళాశాలల్లో వేలమంది పిల్లలు తెల్లవారకముందే లేచి చదువుతున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. సంతోషం. అయితే బెత్తం పోయిన చోట ర్యాంకు వచ్చి కూర్చుంది. పరీక్షలో ఒక పిల్లవాడు తెలిసినదాన్ని మరచిపోతే వాడు చదవలేదని తీర్పు చెప్పేముందు, వాడి రథంమీద సారథిగా ఎవరున్నారో ఒక్కసారి చూడమని నా మనవి. చాలాసార్లు అక్కడ కనిపించేది మనమే.

మా మనవడు అలాంటి కళాశాలలోనే ఇంటర్ చదువుతున్నాడు. ఆదివారం ఫోను చేసినప్పుడల్లా "అన్నీ గుర్తున్నాయా?" అని అడిగేవాణ్ణి. వాడు "ఆఁ, తాతయ్యా" అనేవాడు, గొంతు మాత్రం తగ్గిపోయేది. ఇప్పుడా ప్రశ్న మానేశాను. నా ఓటీపీ కథ చెబుతున్నాను. మొన్న వాడు పగలబడి నవ్వి, "అమ్మమ్మకు ఎన్ని మార్కులు?" అని అడిగాడు. వాడి నవ్వు విని చాలా రోజులైంది.