పేరు నూజివీడు, రైలెక్కేది బెజవాడలో

నూజివీడు పేరుతో రైల్వేస్టేషన్ ఉంది, కానీ అది నూజివీడులో లేదు. పదిహేను కిలోమీటర్లకు పైగా అవతల, హనుమాన్ జంక్షన్‌లో ఉంది. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటక్ వైపు వేసిన తూర్పు తీర రైలుమార్గం ఈ మామిడి తోటల ఊరిని తాకకుండా సాగిపోయింది. 2022 ఏప్రిల్‌లో నూజివీడును ఏలూరు జిల్లాలో కలిపారు. స్టేషన్ కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. అక్కడ దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు. అందుకే ఢిల్లీకైనా చెన్నైకైనా బయల్దేరిన నూజివీడు మనిషి ముందు బెజవాడ జంక్షన్ చేరాలి.

ఎలా చేరాలి? దగ్గరి దారి ఆగిరిపల్లి, నున్న మీదుగా. తెల్లవారుజామున దీన్ని మించింది లేదు. అయితే ఏప్రిల్ వచ్చిందంటే నున్న మామిడి మార్కెట్‌కు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. నున్న దాటాక పాయకాపురం, సింగ్‌నగర్ ఇరుకు ఎలాగూ తప్పదు. ఆ రోజుల్లో పొద్దెక్కాక బయల్దేరితే హనుమాన్ జంక్షన్, గన్నవరం మీదుగా జాతీయ రహదారి పట్టడమే మంచిదంటాను. కొన్ని కిలోమీటర్లు ఎక్కువే, కానీ ఎంతసేపట్లో చేరతామో ముందే లెక్క వేసుకోవచ్చు. రైలు పట్టుకోవాల్సిన వాడికి దూరం కంటే ఆ లెక్కే ముఖ్యం.

అసలు కష్టం బస్సు దిగాక మొదలవుతుంది. ఆర్టీసీ బస్సు పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి స్టేషన్ కిలోమీటరున్నర ఉంటుందేమో. చేతులు ఖాళీగా ఉంటే నడిచిపోవచ్చు. మే నెలలో నూజివీడు నుంచి వచ్చేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. మొన్న వేసవిలో ఒక పెద్దావిడ అట్టపెట్టెలో చిన్న రసాలు సర్ది, మధ్య మధ్య వరిగడ్డి పెట్టి, పైన పురికొస చుట్టి తెచ్చింది. హైదరాబాద్‌లో మనవళ్ల కోసమట. బస్సు దిగగానే పెట్టె నేలమీద పెట్టి, కొస సడలిందేమోనని రెండుసార్లు లాగి చూసుకుంది. ‘స్టేషన్ దాకా పోదా బాబూ?’ అని అడిగితే, ‘బస్టాండ్ వరకేనమ్మా’ అన్నాడు కండక్టర్. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక నూజివీడు నుంచి బెజవాడ దాకా ఆమెకు టికెట్ ఖర్చు లేదు. ఆటోకు మాత్రం డబ్బు పెట్టాల్సిందే. అంత దూరానికి కాని ఖర్చు ఈ కాస్త దూరానికి అవుతోంది!

నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లల సంగతీ ఇదే. 2008లో మొదలైన ఆ క్యాంపస్‌లో వేలమంది చదువుతున్నారు, ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. సెలవులిచ్చిన రోజున అందరూ ఒక్కసారే బ్యాగులతో బయటపడతారు. ఏ రోజు సెలవులిస్తారో ముందే తెలుసు, రైళ్ల వేళలూ తెలుసు. అయినా పిల్లలను నేరుగా స్టేషన్ గుమ్మం ముందు దింపే బస్సులు వేయడం ఎందుకంత కష్టమో నాకు అర్థం కాదు.

గన్నవరం నుంచి బస్టాండ్ దాకా మెట్రో ప్రతిపాదన ఉంది, రావాలనే కోరుకుందాం. అయినా నూజివీడు వాళ్లు గన్నవరం వరకు బస్సులో వచ్చి మారాల్సిందే. మూటాముల్లెతో ఒకసారి దిగి ఎక్కడమే గగనం, రెండోసారంటే ముసలివాళ్లకు ప్రయాణం మీదే విరక్తి పుడుతుంది. అంతదాకా ఆగక్కర్లేని పనులు రెండున్నాయి. తెల్లవారుజామున, సాయంత్రం నూజివీడు నుంచి వచ్చే బస్సుల్లో కొన్నింటిని బస్టాండ్‌తో ఆపకుండా రైల్వేస్టేషన్ దాకా పొడిగించాలి. హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు పేరున్న ఆ స్టేషన్లో ఆగే రైళ్ల వేళకు ఊళ్లోంచి బస్సు నడపాలి, రైలు ఆలస్యమైతే తిరుగు బస్సు కాసేపు ఆగాలి. కొత్త రోడ్డు, కొత్త పట్టాలు అక్కర్లేదు. డిపోవాళ్లు, రైల్వేవాళ్లు టైంటేబుళ్లు పక్కపక్కన పెట్టుకుని ఒక పూట కూర్చుంటే, వచ్చే రసాల కాలానికి ఆ పెద్దావిడ పెట్టె నేరుగా ప్లాట్‌ఫారం మెట్ల దగ్గర దిగుతుంది.