ఎండలో దొరికిన దోషము

పూర్తిగా మూగవోయిన యంత్రమును బాగుచేయుట ఏమంత కష్టము కాదు. తెగిన తీగ యేదో, కాలిన భాగమేదో మీటరే చెప్పును. ఒకప్పుడు పలికి, ఒకప్పుడు పలుకక, తీరా చూపింపబోవు వేళ ఏ లోపమును ఎరుగనట్లు నిలుచు యంత్రమే మరమ్మతు చేయువాని విద్యకు పరీక్ష. అట్టిదొకటి గడచిన వేసవిలో ఇక్కడ, పత్తికొండలో, నా చేతికి వచ్చినది.

పెండ్లిండ్లలో ఆర్కెస్ట్రా వాయించుకొని బ్రదుకు నా పూర్వవిద్యార్థి యొకడు తన గిటారు పెడలును తెచ్చెను. గిటారునకును ఆంప్లిఫైయరునకును నడుమ నేలపై నుండి, కాలితో నొక్కినంతనే తీగల నాదమును బొంగురుగా, దట్టముగా మార్చు చిన్న లోహపు డబ్బా యది. “అయ్యవారూ, ఈడ బాగనే పలుకుతాంది, స్టేజీ మీదికి పోతానే నోరు మూస్తాంది” అని వాడు వాపోయెను. సర్వీసువారు రెండుమారులు చూచి లోపమేమియు లేదని తిప్పి పంపిరట. మూడవమారు లోపలి బోర్డు మొత్తము మార్చవలెననిరట. ఆ ఖర్చు కొత్త పెడలు వెలకు ఇంచుమించు సరిపోవును.

వారు అబద్ధమాడిరని నేననను. చల్లని గదిలో, బల్లమీద, కొద్ది నిమిషములు చూచియుందురు; ఆ కొద్ది నిమిషములలో దోషము నిజముగనే లేదు. నేను డబ్బా విప్పకమునుపే వానిని రెండు మాటలడిగితిని. శబ్దము పోయినప్పుడు ఎఱ్ఱదీపము ఆరునా? ఆరదనెను. కావున సెల్లుది గాని అడాప్టరుది గాని తప్పు కాదు. కాలితో నొక్కి పెడలును ఆపివేసినచో గిటారు నేరుగా పలుకునా? అప్పుడును పలుకదనెను. ఈ రకము పెడలులో, ఆపినప్పుడు శబ్దము బోర్డులోనికి పోనే పోదు. లోజాక్కు నుండి స్విచ్చి మీదుగా వెలిజాక్కునకు సూటిగా సాగిపోవును. అనగా వేల రూపాయలు పోసి మార్చుమన్న ఆ బోర్డు ఈ విషయమున నిరపరాధి. వైర్లు మార్చి చూచితిమి, అవియును మంచివే. ఇక మిగిలినవి రెండు జాక్కులు, ఒక స్విచ్చి, నాలుగైదు తీగలు మాత్రమే.

అయినను దోషము కంటబడలేదు. పెండ్లివేదికపై ఆ డబ్బా మధ్యాహ్నము నుండి ఎండలో కాగుచుండునన్న మాట వాని నోట వెలువడినప్పుడు నాకు దారి దొరికినది. పెడలును మిద్దెమీద పెట్టితిమి. ఏప్రిలు నెల పత్తికొండ యెండను మించిన పరీక్షాయంత్రము ఏ ప్రయోగశాలలోనుండును? అరగంటకు మూత విప్పి, వాడు గిటారు మీటుచుండగా, నేను చెక్కపుల్లతో ఒక్కొక్క అతుకును మెల్లగా తట్టుచు పోయితిని. వెలిజాక్కు దగ్గరి తీగను తాకినంతనే గరగరమని శబ్దము తెగినది. భూతద్దముతో చూడగా సోల్డరు చుట్టును వెండ్రుకవాసి పగులు. మన మెకానిక్కులు డ్రై సోల్డరనునది. జాక్కు నట్టు వదులై, ప్లగ్గు దూర్చిన ప్రతిమారు జాక్కు తిరిగి, ఆ అతుకును పీకుచు వచ్చినది. వేడికి లోహము వ్యాకోచించినప్పుడు ఆ పగులు నోరు తెఱచుచున్నది. పాత సోల్డరు తీసి కొత్తది వేసి, నట్టు బిగించి, మరునాడు మరల అదే మిద్దెపై, అదే ఎండలో గంటసేపు వాయింపజేసి గాని వానికి పెడలు ఇచ్చినవాడను గాను.

ఇట్టి పెడళ్ల పుట్టుకయే ఒక దోషమునుండి యగుట నాకు ఎప్పుడును విస్మయము గొల్పును. 1960లో అమెరికాలోని నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ పాట నొకదానిని రికార్డు చేయుచుండగా స్టూడియోలోని మిక్సింగు పరికరమున ఒక భాగము చెడి, గ్రేడీ మార్టిన్ వాయించుచున్న బేస్ గిటారు బొంగురువోయినది. ఆ ధ్వని పాటలో అట్లే నిలిచినది. అప్పటి ఇంజనీరు గ్లెన్ స్నాడీ, చెడిన భాగమును పారవేసి ఊరకుండక, ఆ నాదమును కోరినప్పుడెల్ల పుట్టించు మార్గమును వెదకెను. 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరిట వెలువడిన పెడలు దాని ఫలమే.

ఆ ఓపిక నేడు మన మరమ్మతు వ్యవస్థలో కరవైనది. బోర్డు మార్చుట తెలిసినవారు పెరిగిరి, అతుకు వెదకువారు తరిగిరి. ఇది ఒక్క గిటారు మాట కాదు. ఒక రాత్రి ఆడి మరొక రాత్రి మొరాయించు బోరుమోటారు స్టార్టరునకు మన రైతు పెట్టు ఖర్చును ఇట్టిదే. కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కుకై 2022 జులైలో ఒక కమిటీని నియమించి, ఆ యేడు డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, మొబైళ్లు, గృహోపకరణములు, వాహనములు దాని పరిధిలో చేరినవి. మంచి ప్రయత్నమే. సంగీత పరికరములను కూడ అందు పేర్కొనవలెను. వెనుకటి వాల్వు రేడియోలు పెక్కింటికి సర్క్యూటు పటము పెట్టె లోపలనే అంటించియుండెడిది. పెడలు తయారుచేయువారును తమ డబ్బా మూత లోపల అట్టి పటమొకటి అంటించి అమ్మవలెనని కోరుచున్నాను.